నేల కరిగేదాకా

ఫాదర్ డ్రెసెల్ కాఫీ కప్పును చిన్న శవపేటిక మూత మీద పెట్టి డోనట్ కొరికాడు. చక్కెర పొడి మూత మీద రాలింది. ఉఫ్‌మని ఊదేశాడు.

వెర్నా ఆ మూతనే చూస్తోంది.

"అటు చూడకే," అంది పక్కనే నినాదాల అట్ట పట్టుకుని నిలబడ్డ లోయిస్. "ఇదివరకు పిండాల బొమ్మలు పట్టుకుని అరిస్తే కుక్క కూడా ఆగేది కాదు. ఈ పెట్టె వచ్చాక చూడు, ఎంత జనమో! అది సరే, నీ ఆకుపచ్చ స్వెట్టరు చెయ్యి సగమే ఉందేంటే? ఎలుక కొట్టిందా?"

"మా ఆయనది. మనవడి టోపీకి తెల్ల ఉన్ని చాల్లేదు. చివరి రెండు వరుసలకీ ఇది విప్పాను."

లోయిస్ నవ్వు ఆగిపోయింది. జనవరిలో వెర్నా కూతురు ఆడ్రీకి అయిదో నెలలోనే కాన్పయింది. బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. మినెసోటా చలికి సమాధుల తోటలో నేల రాయిలా గడ్డకట్టింది. ఏప్రిల్‌లో పూడుద్దాం, అందాకా చర్చి వెనక రాతిగదిలో ఉంచుతానని ఫాదరే తీసుకెళ్లాడు. అందుకే, గర్భాలు తీసే ఈ క్లినిక్ ముందుకి ప్రతి శనివారం రమ్మంటే వెర్నా కాదనలేకపోతోంది.

"వెర్నా! పెట్టె మోసే డేల్‌కి జ్వరం. ఇవాళ నువ్వు పట్టుకో," అని పిలిచాడు ఫాదర్.

"నాకు భయం ఫాదర్."

"భయం చంపినవాళ్లకుండాలి. వీడు ఈ క్లినిక్ చెత్తకుండీలో దొరికాడు."

"మరి మావాణ్ణి ఎప్పుడు... ఆడ్రీ రోజూ అడుగుతోంది."

"ఎన్నిసార్లు చెప్పాలి? నేల కరగనీ."

పెట్టె మరీ తేలికగా ఉంది. ఇంతలో కారు దిగి ఒక అమ్మాయి తల వంచుకుని వచ్చింది. ఫాదర్ మైకు అందుకున్నాడు.

"హంతకీ! ఆగు!"

"నా బిడ్డ కడుపులోనే చచ్చిపోయిందండీ. దారివ్వండి."

"అందరూ చెప్పేది అదే! ఇదిగో, వీణ్ణి కన్నదీ నీలాంటిదే!" అంటూ మూత లాగేశాడు.

జనం ఫోన్లు పైకెత్తారు. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. వెర్నా కళ్లు గట్టిగా మూసుకుంది. ఎవరి బిడ్డో పాపం, వీడి కోసం ఒక్కరైనా ఏడవాలి కదా అనిపించి, మెల్లగా తెరిచింది.

టోపీ అంచున రెండు వరుసలు ఆకుపచ్చగా ఉన్నాయి.