షట్టరు తాళం

“అక్క కొడుకుకు పుట్టువెంట్రుకలు తీస్తుండ్రు దొరా. మేనమామను, పోరన్ని ఒడిల కూసోబెట్టుకోవాలె. నేను పోకుంటె ఎట్ల?” నరేశ్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ఏడికీ పోవద్దు,” అన్నాడు ఉపేందర్‌రావు. “నువ్వు భైంసాల మటన్ తింటుంటె ఈడ కైలాసం నన్ను తింటడు.”

నెల రోజులుగా ఇదే బతుకు.

వేములవాడలో ఉపేందర్‌రావు మరమగ్గాల షెడ్డు కాలిపోయింది. రాత్రి పనివాళ్లు మధ్యలో ఇళ్లకు వెళ్లిపోకుండా షట్టరుకు బయటి నుంచి తాళం వేయించడం ఆయన అలవాటు. ఆ రాత్రి లోపల నూలు కండెలు చుడుతున్న గంగుబాయి ఇక బయటికి రాలేదు. తాళం ఎవరు వేయించారో చెప్పడానికి కోర్టులో ఒక్క సాక్షి కూడా నిలబడలేదు. కేసు కొట్టేశారు.

తీర్పు రోజు గంగుబాయి భర్త, మగ్గం నేసే కైలాసం అరవలేదు, ఏడవలేదు. కోర్టు మెట్ల మీద ఉపేందర్‌రావు దగ్గరికి వచ్చి ఒకే మాట అన్నాడు.

“ఒక్కసారి ఒంటిగ దొరుకు దొరా. గంతే.”

ఉపేందర్‌రావు ఊరు విడిచాడు. బోథ్ దగ్గర పత్తిచేల మధ్య ఉన్న తన తోట ఇంట్లో దిగాడు. నరేశ్, కరుణాకర్ అనే ఇద్దరు కండలున్న మనుషులను కాపలా పెట్టుకున్నాడు. అయినా కైలాసం ఆచూకీ పట్టాడు. రెండుసార్లు గేటు దాకా వచ్చి, ఆ ఇద్దరినీ చూసి, బండి తిప్పుకుని వెళ్లాడు. అప్పటి నుంచి ఉపేందర్‌రావు స్నానం చేస్తున్నా తలుపు దగ్గర ఒకడు ఉండాల్సిందే.

“దొరా! జల్ది రాండ్రి!” హాల్లోంచి కరుణాకర్ అరిచాడు. “కైలాసం టీవీల ఉన్నడు!”

కరీంనగర్ లోకల్ చానల్. తెర మూలన ఎర్రటి అక్షరాల్లో ‘లైవ్’. కింద ‘మనిషి కనిపెట్టినవాటిలో ఏది గొప్పది?’ అని చర్చ పేరు, ఫోన్ చేయమని ఒక నంబరు. యాంకర్ రోజారాణికి ఒక పక్క కాలేజీ లెక్చరర్ భానుప్రసాద్. ఇంకో పక్క ఇస్త్రీ చొక్కాలో కైలాసం.

“చక్రం,” అంటున్నాడు భానుప్రసాద్. “చక్రమే లేకుంటే మనం ఈ స్టూడియోకు వచ్చేవాళ్లమా?”

“నేను నడుసుకుంటనే వచ్చిన సార్.”

రోజారాణి నవ్వింది. టీవీ ముందు నరేశ్ కూడా నవ్వాడు. దొర ముఖం చూసి ఆపేశాడు.

“మరి మీ ఓటు దేనికి కైలాసం గారూ? మగ్గానికేనా?”

“తాళానికమ్మా.”

“తాళమా?” భానుప్రసాద్ ముందుకు వంగాడు. “దొంగల భయంతోని పుట్టిందది. అది గొప్పదెట్లయితది? నిప్పు అనుండ్రి, జర ఆలోచిస్త.”

“నిప్పు ముందుగాలే ఉండె సార్. మనిషికి దొరికింది. తాళం అట్ల కాదు, మనిషే కూసుండి ఆలోచించి చేసిండు. నిప్పుకు పగ లేదు. సందు దొరికితె మనిషిని పోనిస్తది. తాళం పోనియ్యది.”

ఉపేందర్‌రావు సోఫా అంచున కూర్చున్నాడు.

“ఏదేమైనా తాళం ఇంటిని కాపాడతది కదా,” అన్నాడు భానుప్రసాద్.

“కాపాడతది సార్. ఏసినోన్ని కాపాడతది. కోర్టుల గూడ కాపాడతది.” కైలాసం కెమెరా వైపు తిరిగాడు. “ఆయన ఏడున్నా గిది సూస్తనే ఉంటడు.”



“నన్నడిగితె సెల్‌ఫోన్ గొప్పది,” అన్నాడు కరుణాకర్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“కుక్కర్‌రా,” అన్నాడు నరేశ్. వాడి మనసు భైంసాలోనే ఉంది.

“నోర్లు మూయుండ్రి! గా నంబరుకు ఫోన్ కొట్టు. వానితోని నేనే మాట్లాడుత.”

తెర మీది నంబరుకు కరుణాకర్ మళ్లీ మళ్లీ కలిపాడు. “లైన్ దొరుకుతలేదు దొరా. జనం మస్తుగ కొడుతున్నట్టుంది.”

నరేశ్ సందు చూసుకున్నాడు. “ఇగ ఫికర్ ఎందుకు దొరా? వాడు కరీంనగర్‌ల కూసున్నడు. కారేసుకుని ఉరికొచ్చినా పొద్దుగూకుతది. గప్పటికి నేనూ కరుణాకరూ పోయి వాపస్ వస్తం.”

ఉపేందర్‌రావు తెర వైపు చూశాడు. నిజమే. శత్రువు కళ్ల ముందే ఉన్నాడు, అదీ నాలుగు గంటల ప్రయాణమంత దూరంలో. నెల రోజుల్లో మొదటిసారి ఆయనకు నవ్వు వచ్చింది.

“నన్నడిగితె టీవీ గొప్పదిర. పగోడు ఏడున్నడో సోఫాల కూసుండి సూడొచ్చు. పోండ్రి, ఇద్దరూ పోండ్రి. నాకింత మటన్ పట్టుకరాండ్రి.”

బండి చప్పుడు పత్తిచేల మీదుగా దూరమైంది. ఉపేందర్‌రావు కాళ్లు స్టూలు మీదికి చాపి, టీవీ సౌండు పెంచాడు.

“తాళంచెవిని కూడా మనిషే చేసిండు కదా కైలాసం గారూ, అది మరిచిపోతే ఎట్ల?” భానుప్రసాద్ గెలిచినట్టు చూశాడు. రోజారాణి కూడా తలూపింది.

“మరువలేదు సార్. కాని గది ఎప్పుడూ బయటోని జేబులనే ఉంటది.”

“మాట్లాడు బిడ్డా, మాట్లాడు,” అన్నాడు ఉపేందర్‌రావు తెరతో. “మాట్లాడుడు తప్ప నీతోని ఏమైతది?”

ఎవరో తలుపు కొట్టారు.

నరేశే. ఎక్కడికి బయల్దేరినా ఒకసారి వెనక్కి రావడం వాడికి మామూలే. ఉపేందర్‌రావు విసుక్కుంటూ లేచాడు.

“ఏం మర్సినవ్‌రా?” అంటూ తలుపు తీశాడు.

టీవీలో ఇంకా మాట్లాడుతూనే ఉన్న కైలాసం, గుమ్మంలో నిలబడి, “గది నిన్ననే రికార్డు చేసిండ్రు దొరా,” అన్నాడు.