షేర్ చేయని ఫోటో

దిక్కులేని శవాలను తెచ్చి పూడ్చే సంస్థ అది. ఆఫీసంటే ఒకే గది. ఓ బల్ల, మూడు కుర్చీలు, గోడకు చేరేసిన స్ట్రెచరు, పారలు. ఎన్నిసార్లు తుడిచినా వదలని ఫినాయిలు వాసన.

పూడ్చేముందు ప్రతి ముఖాన్నీ ఒక ఫోటో తీస్తారు, ఎప్పటికైనా సొంతవాళ్ళు వెతుక్కుంటూ రాకపోతారా అని. ఆ ఫోటోలే ఒక చోట ఉండవు. కొన్ని సంస్థను నడిపే రిటైరైన టీచరమ్మ ఫోన్లో. చాలామటుకు వ్యాను డ్రైవరు ఫోన్లో. మిగతావి చెడిపోయిన పాత కంప్యూటరులో.

"ఇది నేను చక్కబెడతాను టీచర్" అన్నాడు ఇంజనీరు. ఆ పేరు పెట్టింది డ్రైవరు. పగలు ఎక్కడో ఉద్యోగం చేసుకుని, సాయంత్రాలూ శనివారాలూ ఇక్కడికి వచ్చేవాడు. జీతం లేదు. ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు.

సేవాసంస్థలకు ఒక పెద్ద కంపెనీ ఉచితంగా ఇచ్చే ఆఫీసు ప్రోగ్రాములున్నాయట. మెయిలు, ఫైళ్ళు, ఫోటోలు అన్నీ ఇంటర్నెట్‌లోనే భద్రంగా ఉంటాయట. రిజిస్ట్రేషన్ కాగితాలు పంపారు. సంస్థ నిజంగా ఉందో లేదో చూసుకుని చెబుతామన్నారు. వారాలు గడిచాక సరేనని మెయిలొచ్చింది.

ఆ సాయంత్రమే ఇంజనీరు తన ల్యాప్‌టాప్ ముందేసుకుని డ్రైవరుకు అకౌంటు తెరవడానికి కూర్చున్నాడు.

"పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం ఒకటి, అంకె ఒకటి, గుర్తు ఒకటి ఉండాలి మామా."

"చచ్చినవాణ్ణి పూడ్చడానిక్కూడా ఇన్ని అడగరు గదయ్యా!"

"ఇంక నీ ఫోన్లో ఫోటోలు వాటంతటవే క్లౌడ్‌లోకి వెళ్ళిపోతాయి."

"క్లౌడంటే?"

"మబ్బు."

"అంటే వాళ్ళ వెనకాలే వాళ్ళ ఫోటోలూ పైకేనన్నమాట."

ఇంజనీరు నవ్వాడు. ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదకు రాసాగాయి. రైలు పట్టాల పక్కన దొరికిన ముసలాయన. బస్టాండు బెంచీ మీద పడుకుని మళ్ళీ లేవనివాడు. వంతెన కింద దొరికిన నీలం చొక్కా అబ్బాయి.

నవ్వు ఆగిపోయింది. లేచి వెళ్ళి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని వచ్చాడు. తెర చూసి చూసి కళ్ళు మండుతున్నాయన్నాడు.

డ్రైవరు తెర వంక చూశాడు. అతని వంక చూశాడు. "వాడేనా?" అన్నాడు మెల్లగా.

ఇంజనీరు తల ఊపాడు.

వాడంటే ఎవరో ఆ గదిలో అందరికీ తెలుసు. కొడుకు కనబడకుండా పోయిన ఒకావిడ ప్రతి శనివారం వచ్చేది. కొడుకు ఫోటో బల్ల మీద పెట్టి, ఎవరి ఫోన్లో ఏముంటే అది చూపించమనేది. పాపం, డ్రైవరు ఫోన్లో ఉన్నవి ఏనాడూ సరిగ్గా తెరుచుకునేవి కావు.

ఫోల్డర్లలో ఎవరు ఏది చూడొచ్చో నిర్ణయించే అధికారం ఇంజనీరు దగ్గరే ఉంది. ఆ ఒక్క ఫోటోను వేరే ఫోల్డర్లోకి మార్చాడు. తనకు తప్ప ఇంకెవరికీ కనబడకుండా పెట్టాడు. డ్రైవరు ఫోన్లోదీ తుడిచేశాడు.

శనివారం ఆవిడ వచ్చింది.

"కూర్చోమ్మా. ఇప్పుడు అన్నీ ఒక్కచోటికే వచ్చేశాయి" అన్నాడు ఇంజనీరు.

కళ్ళజోడు తుడుచుకుని తెర మీదకు వంగిందావిడ. ప్రతి ముఖం దగ్గరా ఆగింది. "ఏ తల్లి కన్నబిడ్డో" అని గొణుక్కుంది. డ్రైవరు లోపల ఉండలేక బయటికి పోయాడు. ఫోటోలు అయిపోయాయి.

"ఇంతేనా నాయనా? ఇంకెక్కడా లేవా?"

"లేవమ్మా."

"అయితే ఇందులో లేకపోతే లేనట్టేగా?"

"లేనట్టే."

"హమ్మయ్య. ఇక్కడ లేడంటే ఎక్కడో ఉన్నట్టే" అంది. లేచి సంచీ సర్దుకుని, గాలి కోసం మెట్ల మీదకు వెళ్ళి కూర్చుంది.

టీచరమ్మ తలుపు దగ్గరగా వేసింది. "తప్పు చేస్తున్నావు. ఈ సంస్థ ఉన్నదే ఆ ఒక్క ముక్క చెప్పడానికి."

"ఇక్కడ లేడని చెబితే వారం పాటు నాలుగు ముద్దలు తింటుంది టీచర్."

"ఎన్నాళ్ళు దాస్తావయ్యా?" అన్నాడు అప్పుడే లోపలికొచ్చిన డ్రైవరు. "ఆ చోటు నాకు గుర్తుంది. నేనే తీసుకెళ్ళి చూపిస్తా. కరువుతీరా ఏడవనీ."

"ఏడ్చాక?"

టీచరమ్మ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. డ్రైవరు తాళంచెవులు చేతిలో అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

ఇంజనీరు ల్యాప్‌టాప్ కట్టేసి బయటికొచ్చాడు. ఆవిడ మెట్ల మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది.

"చీకటి పడకముందే ఇంటికి పోదాం పదమ్మా" అంటూ చెయ్యందించి లేపాడు, "తమ్ముడు వచ్చాడేమోనని నాన్న ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంటాడు."