మాట అందించే గూడు

"ఆ గాలికి నా తెరచాప..." అని నెస్టర్ ఆగిపోయాడు.

"చిరిగింది కాని," అంది అగ్లాయా గూట్లోంచి, పెదవులు కదిలీ కదలకుండా.

"చిరిగింది కాని, చుక్కాని విరగలేదు!" అని గర్జించాడు నెస్టర్.

రిహార్సల్ సాగిపోయింది. పొద్దున్నుంచి ఇది పదకొండోసారి.

గూడు వేదిక ముందంచున, నేలలో ఉంది. జనం వైపు చెక్క మూత అడ్డం. నటుల వైపు మాత్రం తెరిచి ఉంటుంది. అగ్లాయా అందులో మెడ దాకా కూర్చుని, ఎవరు మాట మరిస్తే వాళ్ళకి అందిస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే ఉద్యోగం.

రిహార్సల్ అయ్యాక కొత్త దర్శకుడు హోరియా ఆమెను పక్కకు పిలిచాడు.

"ఈ గుంట మీద పలకలు కొట్టించేద్దామని వచ్చిన రోజే అనుకున్నానండీ. మాట అందించే మనిషిని ఇప్పుడెవరూ ఉంచడం లేదు. మిగతావాళ్ళందరికీ నోటికి వచ్చు. ఈ ముసలాయన కోసమే ఆగాను."

"ఆయనకీ వచ్చు బాబూ. వయసు కదా..."

"డెబ్బై మూడు. నాకూ తెలుసు. ఆదివారం పొద్దున బడిపిల్లల కోసం ఆట ఉంది. జనానికి తెలిసేలా ఒక్కసారి నోరు తెరుచుకుని నిలబడ్డాడో, కెప్టెన్ వేషం ఇంకొకరికి. తర్వాత నన్ననొద్దు."

అగ్లాయా తల ఊపింది. వేషం పోతే నెస్టర్ ఆరు నెలలు బతకడు. భార్య పోయాక ఆయనకు మిగిలింది ఈ వేదికే.

ఆమెకు ఇంకో సంగతీ ఉంది. నలభయ్యో ఏట ఆమె ఈ నాటకశాలలో నేల తుడిచేది. సంతకం చెయ్యడం రాదు. నెస్టరే మెట్ల మీద కూర్చోబెట్టి, పాత నాటకాల పుస్తకాల మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పాడు. గూట్లో కూర్చోబెట్టిందీ ఆయనే.

ఆలస్యంగా వచ్చిన అక్షరాలు, ఒళ్ళు అలిసినప్పుడు ముందుగా లేచి వెళ్ళిపోతాయి. ఈ మధ్య అగ్లాయాకు అదే అవుతోంది. పోయిన వారం పంక్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. తప్పు పంక్తి అందించింది. నెస్టర్ నోట మాత్రం సరైనదే వచ్చింది. దేవుడే కాపాడాడని శిలువ గుర్తు వేసుకుంది.

ఆదివారం పొద్దున ఆమె వచ్చేసరికి నెస్టర్ గడ్డం అంటించుకుని, నువ్వులద్దిన గుండ్రటి రొట్టె నములుతున్నాడు.

"ఏమిటా కళ్ళ కింద సంచులు? బంగాళాదుంపలు మోస్తున్నావా?"

"అమ్మ రాత్రి ఏడుసార్లు లేపింది. ఆవుకి మేత వేశావా అని. ఆ ఆవు చచ్చి నలభై ఏళ్ళయింది."

"వేశానని చెప్పకపోయావా?"

"చెప్పాను. అయితే నీళ్ళు పెట్టావా అంది."

నెస్టర్ నవ్వబోయి దగ్గాడు. గడ్డం సగం ఊడింది. ఆమె మళ్ళీ అంటించింది.

"మూడో అంకంలో నన్ను వదిలెయ్యకు అగ్లాయా. ఆ తుఫాను మాటలు నాలుగు పేజీలు. నా తలలో గాలి తప్ప ఏమీ లేదు."

"మీరు గూటి వైపు చూస్తూ ఉండండి. నేనున్నాను."

మొదటి అంకంలో ఆరుసార్లు ఆగాడు. ఆరుసార్లూ ఆమె అందించింది. రెండో అంకంలో నాలుగుసార్లు. పిల్లలకు ఒక్కటీ తెలియలేదు. మొదటి వరసలో కూర్చున్న హోరియాకు మాత్రం తెలిసే ఉంటుంది.

మూడో అంకం మొదలైంది. గూట్లో దీపం వేడి. పాత దుమ్ము వాసన. అగ్లాయా చెంప గిల్లుకుంది. నాలుక కొరుక్కుంది. అక్షరాలు చీమల్లా బయల్దేరి పేజీ అంచు దాటి పోతున్నాయి. వేలు పెట్టి ఒకదాన్ని ఆపింది. అరవై ఒకటో పేజీ. ఒక్క క్షణం. కళ్ళు ఒక్క క్షణం మూసుకుంటే మంట తగ్గుతుంది.

పెన్సిల్ దొర్లి ఒళ్ళో పడితే మెలకువ వచ్చింది.

బుగ్గ పుస్తకానికి అతుక్కుపోయి ఉంది. ఎంతసేపయింది? ఆయన్ని ముంచేశాను. అక్షరాలు నేర్పిన మనిషిని నా చేత్తో ముంచేశాను.

అప్పుడు గొంతు వినిపించింది. నెస్టర్ మాట్లాడుతూనే ఉన్నాడు.

ఎప్పుడూ పైకప్పు అదిరేలా అరిచే తుఫాను మాటలు అవి. ఇవాళ చాలా మెల్లగా, పక్క గదిలో ఎవరో పడుకున్నట్టు చెబుతున్నాడు. వినడానికి పిల్లలు ముందుకు వంగి ఉంటారు, ఒక్క కుర్చీ కూడా కిర్రుమనడం లేదు.

అగ్లాయా గబగబా పేజీలు తిప్పింది. అరవై రెండు. అరవై మూడు. అరవై నాలుగులో, కింది నుంచి మూడో పంక్తి దగ్గర దొరికాడు.

ఆమె తల ఎత్తి చూసింది.

ఆమె కళ్ళు తెరిచి ఉండటం చూడగానే నెస్టర్ మాట మధ్యలో టక్కున ఆగి, అంతా మరిచిపోయినవాడిలా గూటి వైపు వంగాడు.