డ్రైవర్ తప్పు

“డ్రైవర్ తప్పు అని మాత్రం రాయకుండ్రి సార్. ఇంకేమన్న రాసుకోండ్రి.”

ఓదెలు జాబ్ కార్డు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. సర్వీస్ మేనేజర్ గిరీష్ పెన్ను గాలిలోనే ఆగిపోయింది.

“చెయ్యి తియ్యన్నా. ఎనిమిది నెలల బండి. మొదటి గేరులోంచి రెండో గేరుకు పోయేటప్పుడు ఆగినట్టయి, ఒక్కసారిగా ఎగురుతోంది అంటున్నావు. ఎప్పుడూ క్లచ్ మీద కాలు పెట్టి నడిపితే కొత్త బండికైనా ఈ రోగమే వస్తుంది.”

“ఆ అలవాటు లేదు సార్.”

“ఉందని ఎవరైనా ఒప్పుకుంటారా?”

ఓదెలు మొహం ఎర్రబడింది. పెద్దపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చి, నానక్‌రామ్‌గూడ టవర్లకు పన్నెండేళ్ళు ఇటుకలు మోసిన మనిషి. ఇప్పుడు అవే టవర్ల గేట్లలోంచి సొంత పికప్‌లో దర్జాగా లోపలికి వెళ్తున్నాడు. షోరూంలో తొడిగిన ప్లాస్టిక్ కవర్లను సీట్ల మీద నుంచి ఇంకా తియ్యనే లేదు. బండిని ఏమన్నా ఊరుకుంటాడు గానీ, డ్రైవింగ్‌ను ఒక్క మాటంటే అగ్గి మీద గుగ్గిలమైపోతాడు.

“మియాపూర్‌ల వంట, నానక్‌రామ్‌గూడ ఆఫీసులల్ల భోజనం. నడుమ ఇరవై డబ్బాల సాంబారు, రసం. ఎనిమిది నెలలల్ల ఒక్క చుక్క కింద పడలే సార్! గీ పది రోజుల సంది, ఇంజను వేడెక్కి, రోడ్డు ఎత్తెక్కే చడావు వచ్చిందంటే చాలు, గిట్ల చేస్తున్నది. నిన్న మూత లేచి సాంబారంత నా అంగి మీద పడ్డది.”

“సరే, రాయకపోతే ఏం చెయ్యమంటావు?”

“బండి విప్పి చూడండ్రి. ముందు పోయిన సెంటర్ల బానెట్ సుత ఎత్తలే. డ్రైవర్ మొఖం చూసిన్రు, ముసిముసిగ నవ్విన్రు, డ్రైవర్ తప్పని రాసి పంపిన్రు. మీరు సుత అదే రాస్తే, కేటరింగ్ సేఠ్ వేరే డ్రైవర్‌ను పెట్టుకొమ్మంటడు. ఇగ మళ్ళ స్టీరింగ్ ముట్టే ధైర్యం ఉండది సార్.”

ఇంత మీసమున్న మనిషికి ధైర్యం పోవడమేమిటని గిరీష్‌కు నవ్వొచ్చింది. అయినా ఆ గొంతులో వణుకు విన్నాక పెన్ను కింద పెట్టాడు. వర్క్‌షాప్‌లో అందరికన్నా సీనియర్ మెకానిక్ వెంకటనారాయణను కేకేశాడు.

“ఒక రౌండు కొట్టి వద్దాం పదండి. అన్నా, నువ్వే నడిపి చూపించు.”

“నేను నడపను. తప్పంత తెచ్చి నా కాలు మీదనే పెడ్తరు. మీ మనిషే నడపాలె.”

ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. వెంకటనారాయణ నడిపాడు. బండి వెన్నలా సాగిపోయింది.

“చూశావా? ఏమీ లేదు,” అన్నాడు గిరీష్.

“ఖాళీ బండి గట్లనే పోతది సార్. లోడు వెయ్యండ్రి, చడావు ఎక్కియ్యండ్రి.”

ఓదెలు పట్టు పట్టాడంటే పట్టే. వెనక్కి వచ్చి ఆరు డ్రమ్ముల నీళ్ళు ఎక్కించక తప్పలేదు. నానక్‌రామ్‌గూడ ఎత్తులో, షేర్ ఆటోల నడుమ, వెంకటనారాయణ రెండో గేరు వేశాడు. బండి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. తర్వాత ముందుకు ఎగిరింది. వెనక నీళ్ళు ధబ్బున చిందాయి. గిరీష్ తల అద్దానికి తగిలింది.

“ఇప్పుడు చెప్పండ్రి సార్,” అన్నాడు ఓదెలు. దెబ్బ తగిలింది ఎదుటివాడికైనా, అతని మొహంలో సంతోషం దాగలేదు.

గిరీష్ నుదురు రుద్దుకున్నాడు. “రోగం ఉందని ఒప్పుకుంటా. ఎవరి వల్ల వచ్చిందో క్లచ్ ప్లేటు చెప్తుంది. అది కాలిపోయి ఉంటే డ్రైవర్ తప్పని రాస్తా, నువ్వు మాట్లాడకూడదు.”

“కాలకపోతే?”

“సారీ చెప్తా.”

“అందరి ముంగట చెప్పాలె.”

“అందరి ముందే చెప్తా పో!”

గేర్‌బాక్స్ దించేసరికి మధ్యాహ్నం మూడయింది. ఓదెలు అన్నం తినలేదు, టీ కూడా ముట్టలేదు. బండి కిందనున్న వెంకటనారాయణ పాదాలనే చూస్తూ నిలబడ్డాడు. ఆపరేషన్ థియేటర్ ముందు కూడా మనుషులు అంత కదలకుండా నిలబడరేమో.

వెంకటనారాయణ ప్లేటు పట్టుకుని బయటికి వచ్చాడు. ట్యూబులైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు.

“కాలలేదండి,” అన్నాడు. “గేర్‌బాక్స్ సీలు కంపెనీలోనే సరిగ్గా కూర్చోలేదు. నూనె కారి ప్లేటు మీద పడుతోంది. వేడెక్కగానే జారడం, తర్వాత ఒక్కసారిగా పట్టుకోవడం. వారంటీలో మార్చాల్సిందే సార్.”

“డ్రైవింగ్?” అని అడిగాడు ఓదెలు. బండి సంగతి అతని చెవికెక్కినట్టే లేదు.

“లోడు బండి, పైగా ఈ ఐటీ ట్రాఫిక్కు. అయినా ప్లేటు అరుగుదలే లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత చక్కటి కాలును నేను చూడలేదండి. దండం పెట్టాలి.”

ఓదెలు గుండె పొంగిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళను దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు. “మళ్ళొక్కసారి చెప్పు అన్నా,” అని అడిగి మరీ చెప్పించుకున్నాడు.

గిరీష్ మాట తప్పే మనిషి కాదు. వర్క్‌షాప్ మధ్యకు వచ్చి, మెకానిక్కులందరూ చూస్తుండగా ఓదెలు ఎదుట నిలబడ్డాడు.

“సారీ అన్నా. చూడకుండానే నీ డ్రైవింగ్‌కు వంక పెట్టాను.”

ఓదెలు జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి ముందుకు చాచాడు.

“గీ మాట ఫోన్ల చెప్పండ్రి సార్.”

“నీకు చెప్పాను కదన్నా, ఇంకెవరికి?”

“నాకు డ్రైవింగే రాదు సార్, పొద్దుగాల బండి మీ గేటు కాడ పెట్టి పోయింది, రోజు నడిపేది మా ఇంటామె లక్ష్మమ్మ.”