ఇసకలో పన్నెండు గుడ్లు

“నిజం చెప్పు. తలుపు ఎప్పుడు తీశావు?”

డైరెక్టరుగారి వేలు, గుడ్లు పొదిగే పెట్టె వైపు తిరిగి ఉంది. పెట్టెలో పదకొండు గుడ్లు ఏ పాపం ఎరగనట్టు తెల్లగా పడుకున్నాయి. పగిలిన పన్నెండోది పరీక్షకు వెళ్లింది. ఆ జంతుప్రదర్శనశాలలో ఇరవయ్యేళ్లుగా ఉడుముల ఆలనా పాలనా చూస్తున్న కీపరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“తియ్యలేదు సార్. ఒట్టు.”

“తియ్యకపోతే ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? టార్చి వేసి చూశానయ్యా. లోపల ఎర్రటి నరాలు. పిల్లలు పెరుగుతున్నాయి!”

మనిషంత పొడుగు ఉడుములు రెండే ఉన్నాయక్కడ. పెళ్లికూతురు చిన్నప్పటి నుంచీ అక్కడే పెరిగిన పిల్ల. పెళ్లికొడుకు ఈమధ్యనే దూరపు జూ నుంచి చెక్కపెట్టెలో దిగాడు. ఇద్దరికీ దగ్గరి చుట్టరికం లేదని జన్యు పరీక్షలో తేలేదాకా కలపకూడదని పైనుంచి ఉత్తర్వు. గదులు వేరు. ఎండ కాచుకునే ఇసక వాకిలి మాత్రం ఒక్కటే. అందుకని ఒకే వంటిల్లున్న తోడికోడళ్లలా పూటలు పంచారు. పొద్దున పెళ్లికూతురు, మధ్యాహ్నం పెళ్లికొడుకు. ఒకరు లోపలికెళ్లి గొళ్లెం పడ్డాకే రెండోవారి తలుపు తియ్యాలి. కీపరు ఉద్యోగమంతా ఆ రెండు గొళ్లేల మీదే ఉంది. గుడ్లు దొరికింది ఆ ఇసకలోనే.

“ఏదో ఒక పూట నువ్వు గొళ్లెం మరిచిపోయావు. వాళ్లు మాత్రం సమయం మరిచిపోలేదు,” అన్నారు డైరెక్టరుగారు. ఆయన ముందు సస్పెన్షన్ కాగితం సంతకం కోసం ఎదురుచూస్తోంది. “రిపోర్టు రానీ. ఇద్దరూ కలిశారని తేలిందా, నువ్వు ఇంటికే.”

“మా ఇంటి గొళ్లెం మరిచిపోయి ఎన్నిసార్లు తిట్లు తిన్నానో సార్. ఇక్కడ ఒక్కసారి కూడా మరవలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి.”

“మీ ఆవిడ మీ ఇంటి గొళ్లేనికే సాక్షి. దీనికి కాదు.”

అంతలో జన్యు పరీక్షలు చేసే డాక్టరమ్మ ఒక చేత్తో రిపోర్టు, రెండో చేత్తో టీకప్పు పట్టుకుని వచ్చింది. డైరెక్టరుగారు పెన్ను మూత తీశారు. కీపరు ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

“పెన్ను దాచుకోండి సార్,” అంది డాక్టరమ్మ. “వాళ్లసలు కలవలేదు. ఈ గుడ్లకి తల్లే ఉంది. తండ్రి లేడు.”

“లేకపోవడమేమిటి? ఎక్కడికి పోయాడు?”

“మొదట్నించీ లేడు. కొన్ని జాతుల్లో ఆడది మగతోడు లేకుండానే పిల్లల్ని కంటుంది. సొరచేపల్లో చూశారు, పాముల్లో చూశారు, ఒక మొసలిలోనూ చూశారు. ఈమధ్య రాబందుల్లో కూడా బయటపడింది. అదీ, మగపక్షి పక్కనుండగానే.”

“పక్కనుండగానే!” డైరెక్టరుగారు మగజాతి మొత్తం తరఫున నొచ్చుకున్నారు. కాసేపటికి తేరుకుని కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు. “పొరపాటైందయ్యా. ఏమనుకోకు.”

“అయ్యో, భలేవారే సార్!” కీపరు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

“ఇంకొక్క మాట...” అంది డాక్టరమ్మ.

ఆయన వినే స్థితిలో లేరు. “చూశావా మన పిల్ల ఘనత! ఒంటిచేత్తో పన్నెండు! రేపే గేటు దగ్గర దాని ఫోటో కట్టిద్దాం. పాపం, ఆ పెళ్లికొడుకే అన్యాయమైపోయాడు. అంతదూరం నుంచి రప్పించి ఖాళీగా కూర్చోబెట్టాం. ఏమయ్యా, ఇంకా కూర్చున్నావేం? బలమైన తిండి పట్టుకెళ్లు దానికి!”

కీపరు బకెట్టు నిండా చేపలు వేసుకుని, చెప్పులు టపటపలాడిస్తూ పెళ్లికూతురి గది వైపు పరుగెత్తాడు.

డాక్టరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసింది. “అటెక్కడికి బాబాయ్? బాలింత మీ పెళ్లికొడుకు!”