ఆ ఏటి మాట

జనవరి ఒకటో తేదీ పొద్దున్నే అతను ఫ్రిజ్ తలుపు మీద ఒక అట్టముక్క అంటించాడు. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో ఒకే ఒక్క మాట: వినడం.

"ఇదేంటండీ?" అంది భార్య.

"మా ఆఫీసులో ఈసారి శపథాలూ గిపథాలూ వద్దన్నారు. ఒక్కొక్కళ్ళూ ఒక్క మాట ఎంచుకోవాలట. ఏడాదంతా దాన్నే పట్టుకుని ఉండాలట. నేను ఇది తీసుకున్నా."

ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ మనిషి ఆమె మాట చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఆమె నోరు తెరిస్తే పేపరు తెరిచేవాడు. గట్టిగా అడిగితే "సరేలే, చూద్దాం" అనేవాడు. అతను స్టెనో. ఆఫీసరు నోట్లోంచి ఊడిపడిన ప్రతి ముక్కా పొల్లుపోకుండా రాసుకునే ఆ చెవులు, గడప దాటి ఇంట్లోకి రాగానే తాళం వేసుకునేవి.

ఆమె ఉద్యోగమూ వినడమే. నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటుంది. కుళాయి రాలేదని ఒకరు, పైపు పగిలిందని ఒకరు. ఊరందరి తిట్లూ తిని, "రాసుకున్నామండీ" అని ఒక నంబరిచ్చి పెట్టేస్తుంది. ఇంటికొచ్చాక ఆమె గోడు రాసుకునే నాథుడే లేడు.

అందుకే మొన్న డిసెంబరు ఆఖర్లో తెగేసి చెప్పింది.

"ఇంకొక్క ఏడాది చూస్తాను. అప్పటికీ మీరు మారకపోతే పాపని తీసుకుని నా దారి నేను చూసుకుంటా."

చెప్పి ఊరుకోలేదు. తనవీ పాపవీ బట్టలు ఆకుపచ్చ సూట్‌కేసులో సర్ది మంచం కిందికి తోసింది. పాపకు ఎనిమిదేళ్ళు. ఆ పిల్లను వదిలి ఆమె ఒక్క రోజు కూడా ఉండలేదు. అది అతనికీ తెలుసు.

మొదటి ఆదివారం మధ్యాహ్నం పాపను డ్రాయింగ్ క్లాసులో దింపి వచ్చాడు. టీవీ కట్టేశాడు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో నోటుపుస్తకం ఉంది.

"చెప్పు."

"ఏం చెప్పను?"

"నీ మనసులో ఏముంటే అది."

కాసేపు మొహమాటపడి, చివరికి అత్తగారితో మొదలుపెట్టింది. అతను అడ్డు రాలేదు. వాళ్ళమ్మని వెనకేసుకు రాలేదు. పెన్సిలు మాత్రం గబగబా నడుస్తోంది. కాగితం నిండా వంకర గీతలు, కొక్కేలు, చుక్కలు. షార్ట్‌హ్యాండ్.

"అది దేనికండీ?"

"నీ మాట ఒక్కటి కూడా పోకూడదని."

వంటింట్లోకి వెళ్ళి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషంతోనే.

ఈ సంగతి ఆఫీసులో చెబితే పక్క సీటావిడ బుగ్గలు నొక్కుకుంది.

"మీ ఆయనకి ఇప్పుడు మొలిచాయా చెవులు? ఏం ఎరువు వేశావమ్మా తల్లీ? మా ఇంటాయనకీ ఒక బస్తా పంపించు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఫోను మోగుతున్నా ఎత్తలేదు.

ఆదివారం తర్వాత ఆదివారం. అత్తగారు అయిపోయింది, ఆడపడుచు అయిపోయింది. ఇక ఎవరికీ చెప్పనివి బయటికి రాసాగాయి. రెండో బిడ్డ కడుపులోనే చనిపోయిన ఏడాది, నిద్రమాత్రలు మింగి పడుకున్న ఒక మధ్యాహ్నం. ఆ రోజు బడి నుంచి వచ్చిన పాప తలుపు కొట్టీ కొట్టీ మెట్ల మీదే కూర్చుండిపోయింది. ఇంకోసారి ఎక్కాలు అప్పజెప్పలేదని పాప చెంప మీద అయిదు వేళ్ళూ తేలేలా కొట్టింది.

"ఎన్ని మాత్రలు?" అని అడిగేవాడు. "అది ఏ నెల? పాప ఎంతసేపు కూర్చుంది బయట? ఎవరైనా చూశారా?"

ఎంత శ్రద్ధో! పదకొండేళ్ళ లోటు ఒక్క ఏడాదిలో పూడ్చేస్తున్నాడనుకుంది. తారీఖు గుర్తు రాకపోతే పాత కేలండర్లు తీసి మరీ వెతికింది.

మేడ మీద బట్టలు ఆరేస్తూ పిట్టగోడ దగ్గర ఆగిపోయిన రోజు గురించి మాత్రం చాలా వారాలు నోరు పెగల్లేదు. చెప్పిన రోజున వెక్కిళ్ళొచ్చాయి.

"దూకేస్తే పీడా పోతుంది కదా అనిపించిందండీ. ఒక్క క్షణమే."

అతను లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆమె తాగేదాకా ఆగాడు.

"మెల్లగా, మళ్ళీ చెప్పు," అన్నాడు.

ఏడాది తిరిగేసరికి మూడు నోటుపుస్తకాలు నిండాయి. డిసెంబరు ఆఖరున ఆమె మంచం కింద నుంచి ఆకుపచ్చ సూట్‌కేసు లాగి, బట్టలన్నీ తీసి బీరువాలో పెట్టేసింది. పాప గౌన్లు రెండు అప్పటికే పొట్టివైపోయాయి.

జనవరి ఒకటిన ఫ్రిజ్ మీద అతని అట్టముక్క పక్కన తనదీ అంటించింది. తన మాట: నమ్మకం.

అతను కళ్ళజోడు సవరించుకుని చూసి, "బాగుంది," అన్నాడు.

తర్వాత తనే అన్నాడు. "పాపకి ఇంకో వారం సెలవులున్నాయిగా. మా అక్కా వాళ్ళింటికి తీసుకెళ్ళొస్తా. నువ్వు కాస్త ఊపిరి పీల్చుకో."

ఏడాది కిందట అయితే ససేమిరా అనేది. ఇప్పుడు తన చేతులతోనే ఆకుపచ్చ సూట్‌కేసులో పాప బట్టలు సర్దింది. స్వెట్టరు పైన పెట్టింది. గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది.

నాలుగో రోజు సంతకం పెట్టి తీసుకున్న రిజిస్టర్డ్ కవరు చింపితే, పాపను శాశ్వతంగా తనకే అప్పగించాలంటూ అతను కోర్టులో వేసిన పిటిషను బయటపడింది, దాని వెనక 'తల్లి స్వయంగా ఒప్పుకున్నవి' అన్న శీర్షిక కింద యాభై రెండు ఆదివారాల ఆమె మాటలూ, ఒక్కటి కూడా పోకుండా, తేదీలతో సహా టైపు చేసి ఉన్నాయి.