గులాబీ నురగ

శేరిగూడలో ప్లాటు కొలిచి ఇబ్రహీంపట్నంలోని ఇంటికి రాగానే, సర్వేయర్ బుచ్చయ్య సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. నురగ గులాబీ రంగుకు తిరిగింది.

లంచం తీసుకునేవాళ్ళను పట్టుకోవడానికి నోట్లకు పొడి పూసి ఇస్తారని, కడిగితే చేతులు ఇలాగే మారతాయని పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు! హద్దురాయి జరిపినందుకు ముట్టిన కట్ట ఇంకా జేబులోనే ఉంది.

"నవతా, తలుపెయ్యి! ఎవరొచ్చినా నేను ఇంట్ల లేనని చెప్పు!"

మళ్ళీ రుద్దాడు. రుద్దినకొద్దీ రంగు ముదురుతోంది. వంటింట్లోకి పరుగెత్తి పొయ్యి వెలిగించి, కట్టను మంటలో పెట్టాడు.

పదో తరగతి చదివే కూతురు తలుపేసి వచ్చి అతని చేతులు చూసింది. పక్కున నవ్వి నిమ్మచెక్క అందించింది.

"పరేషాన్ గాకు బాపూ. రేపటి ప్రయోగం కోసం సబ్బుకు ఫినాఫ్తలీన్ పొడి రాసింది నేనే. సబ్బు నీళ్ళు క్షారం గదా, గులాబీ రంగొస్తది. నిమ్మరసం ఆమ్లం, రుద్దుకుంటే పోతది."

రుద్దుకున్నాడు. రంగు నిజంగానే పోయింది.

నవత నవ్వు కూడా పోయింది. ఆమె పొయ్యి వైపు చూస్తోంది.

"మరి గా పైసలెందుకు కాలబెట్టినవ్ బాపూ?"